గోడకు పట్టిన నెమ్ము

(సంఘ వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటేటా చదువు గురించి మాట్లాడడం నాకు అలవాటు. ఈసారి ఇంటి గోడల గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు నవ్వి, "మాస్టారూ, తాపీ పని కూడా మొదలెట్టారా?" అన్నారు. తాపీ పని నాకు రాదు. కాని హాజరు పట్టీ వ్రాయడం నా పని. జూలై దాటి వానలు ముదిరిన తరువాత ఆ పట్టీలో కొన్ని పేర్ల ఎదుట "రాలేదు" అన్న గుర్తు ఎక్కువవుతుంది. ఏమయిందిరా అంటే దగ్గు, ఆయాసం, రాత్రి నిద్ర లేదు అంటారు. దగ్గుకు కారణాలు చాలా ఉంటాయి. పొయ్యి పొగ, బీడీ పొగ, జలుబు, క్షయ, ఇవన్నీ ఉన్నాయి. కాబట్టి అన్నిటినీ గోడ మీదకు నెట్టడం న్యాయం కాదు. అయినా కొన్ని ఇళ్ళలో ఆ పిల్లలు పడుకునే మంచం వెనుక గోడ చూస్తే నల్లగా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో "బూజు" అంటే రెండు అర్థాలు కలవు. సాలెపురుగు కట్టేదీ బూజే, తడి గోడకు పట్టేదీ బూజే. మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో వీటికి వేరు వేరు పేర్లు ఉన్నాయి. మొదటిది జాలా, రెండవది ఫఫూందీ. పేరు ఒకటే కావడంతో మనం రెండింటికీ బూజు కర్రే ఎత్తుతున్నాం. జాలాను కర్రతో దులిపితే పోతుంది. ఫఫూందీని పొడిగా దులిపితే కంటికి కనపడని దాని బీజాలు గది అంతా లేచి, పరుపు మీద, బిడ్డ ముక్కులో పడతాయి. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే ఈ పూట నా శ్రమ సగం ఫలించినట్లే.

ఇంకొక మాట "నెమ్ము". గోడ చెమ్మెక్కితే గోడకు నెమ్ము పట్టింది అంటాం. పసివాడి రొమ్ములో కఫం చేరితే పిల్లవాడికి నెమ్ము చేసింది అంటాం. మాట ఒకటైనంత మాత్రాన జబ్బు ఒకటని కాదు. గోడ నెమ్ము నేరుగా న్యుమోనియా తెస్తుందని నేననడం లేదు. కాని తడి, బూజు ఉన్న ఇళ్ళలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, ముక్కు ఎలర్జీ ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఎంత బూజు వరకు క్షేమం అనే హద్దు గీయడం సాధ్యం కాదనీ, అందుచేత ఇంట్లో తడి నిలవకుండా చూడడమే మార్గమనీ ఆ పుస్తకం సారాంశం.

బూజు ఒక శిలీంధ్రం, అంటే పుట్టగొడుగుల జాతిది. దాని సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని పూర్తిగా తరిమేయడం ఎవరి తరమూ కాదు. అవి మొలకెత్తడానికి మూడు కావాలి. వెచ్చదనం కావాలి, అది మన జిల్లాలో ఏడాది పొడుగునా ఉన్నది. ఆహారం కావాలి, రంగు, చెక్క, కాగితం, దూది, దుమ్ము, ఏదైనా దానికి ఆహారమే. మూడవది నీరు. మొదటి రెండూ మన చేతిలో లేవు. నీరు ఒక్కటే మన చేతిలో ఉన్నది. తడిసిన వస్తువు 24 నుండి 48 గంటలలోపు ఆరకపోతే బూజు మొదలవుతుంది.

మనది కృష్ణా పశ్చిమ డెల్టా. 1855లో ఆనకట్ట పూర్తయినది మొదలు కాలువ నీరే మనకు అన్నం పెడుతున్నది. ఆ నీరే, ఆ నల్లరేగడి నేలే, ఇంటి పునాదికి ఎప్పుడూ తడి అందిస్తున్నది. నైరుతి వానలు పోయేసరికి ఈశాన్య వానలు వస్తాయి, వాటితో తుపానులు వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు క్రిందికి రాగా లంక గ్రామాలు మునిగాయి. అదే సమయంలో విజయవాడలో బుడమేరు పొంగి రోజుల తరబడి ఇళ్ళలో నీరు నిలిచింది. నీరు తీసిన తరువాత బురద కడగడం అందరికీ తెలుసు. గోడ లోపల మిగిలిన నీటి సంగతే చాలామంది మరచిపోతారు.

ఇప్పుడు అసలు విషయం. గోడ మీద బూజు కనిపించింది. ఏం చేయాలి? మనమే తుడుచుకుంటే సరిపోతుందా, ఎవరినైనా పిలవాలా? దీనికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. బడిలో లెక్కకు ముందు దత్తాంశం వ్రాసుకున్నట్లే ఒక కాగితం మీద వ్రాసుకోండి.

మొదటి ప్రశ్న: నీరు ఎక్కడ నుండి వస్తున్నది?

గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పట్టీలాగా తడి ఉండి, సున్నం పొడి రాలుతుంటే అది నేల నుండి ఎగబాకే నెమ్ము. పైకప్పు మీద గోధుమ రంగు వలయాలు ఉండి, వాన వచ్చినప్పుడల్లా పెరుగుతుంటే స్లాబు కారుతున్నట్లు. స్నానాలగది గోడకు అవతలి పక్క ఒకే చోట మచ్చ ఉండి, రోహిణి కార్తెలో కూడా తడిగా తగిలితే అది వాన నీరు కాదు, గొట్టం నీరు. గది మూలల్లో, అలమరా వెనుక, గాలి ఆడని చోట మాత్రమే చుక్కలు చుక్కలుగా ఉంటే అది గాలిలోని ఆవిరి. వంట ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు, మూసిన గదిలో ఆరుగురి ఊపిరి, ఇవన్నీ చల్లని గోడ మీద నీరై కూర్చుంటాయి.

సందేహం ఉంటే ఖర్చు లేని పరీక్షలు మూడు ఉన్నాయి. తెల్లని పూత కనిపిస్తే దాని మీద నీటి చుక్క వేయండి. కరిగిపోతే అది బూజు కాదు, ఇటుకలోని ఉప్పు. కరగకపోతే బూజు కావచ్చు. రెండవది, అడుగున్నర చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. కాగితానికి గోడ వైపు నీటి చెమట పడితే నీరు గోడ లోపల నుండి వస్తున్నది. గది వైపు పడితే గాలి తేమ. మూడవది, రాత్రి పంపులన్నీ కట్టి, పై ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. ఎవరూ వాడకుండానే తెల్లవారేసరికి నీరు దిగితే ఎక్కడో గొట్టం కారుతున్నది.

రెండవ ప్రశ్న: ఎంత మేర?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక ఉజ్జాయింపు కొలత చెప్పింది. 10 చదరపు అడుగుల కంటే తక్కువైతే ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, అది సుమారుగా మన గది తలుపులో సగం. సగం తలుపు మించితే తెలిసినవారిని పిలవాలి. అయితే కంటికి కనిపించేదే కొలత అనుకోకండి. అలమరా జరపండి, పరుపు ఎత్తండి, అటక మీద చూడండి. మచ్చ కనిపించకుండా ముక్కవాసన మాత్రం వస్తుంటే ఎక్కడో దాగి ఉన్నట్లే.

రంగు చూసి భయపడడం, రంగు చూసి ధైర్యపడడం రెండూ పొరపాటే. నల్లనిదంతా విషం కాదు, పచ్చనిదంతా మంచిదీ కాదు. 2021లో కోవిడ్ తరువాత వచ్చిన "బ్లాక్ ఫంగస్" ఇదేనా అని నన్ను అడిగినవారున్నారు. ఆ జబ్బు పేరు మ్యూకర్‌మైకోసిస్. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్ మందులు ఉన్నవారికి అది ఎక్కువగా వచ్చింది. అందులో నల్లబడేది ఫంగస్ కాదు, చచ్చిపోయిన కండ. గోడ మీది మామూలు నల్ల మచ్చ వేరు, అది వేరు. గోడ మీది బూజు ఏ జాతిదో పరీక్షకు పంపి డబ్బు పోయనక్కరలేదు. కంటికి కనిపిస్తున్నప్పుడు ఏ జాతిదైనా తీసేయవలసిందే, నీరు ఆపవలసిందే.

మూడవ ప్రశ్న: దేనికి పట్టింది?

టైలు, గాజు, ఇనుప బీరువా, నూనెరంగు వేసిన గోడ, ఇటువంటివి నీరు పీల్చవు. సబ్బునీళ్ళతో రుద్ది ఆరబెడితే చాలు. బట్టలను వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయవచ్చు. దూది పరుపు, దిండు, స్పాంజి, ప్లైవుడ్ చెక్క, ఇవి తడిసి లోపలికి బూజు పడితే మరల బాగుపడవు. అమ్మీ పుట్టింటి నుండి తెచ్చిన పరుపు అని దాచుకోకండి. వరద నీటిలో నానినదైతే అసలే ఉంచకండి.

పుస్తకాల సంగతి నాకు దగ్గరిది. తడిసిన పుస్తకాన్ని నీడలో ఫ్యాను గాలికి విప్పి నిలబెట్టి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరిన తరువాత మాస్కు వేసుకుని ఇంటి బయట మెత్తని బ్రష్షుతో తుడవాలి. తాతల నాటి చేతివ్రాత ఖురాన్, నికాహ్‌నామా, భూమి దస్తావేజులు ఉంటే ముందు ఫోటో తీసుకోండి. వాటికి సబ్బు, ఎండ, అత్తరు ఏదీ తగిలించకండి. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో ప్రాచీన వస్తువులను కాపాడే ప్రయోగశాల కలదు. అటువంటి నిపుణులను అడిగిన తరువాతే చేయి వేయండి.

నాలుగవ ప్రశ్న: ఆ ఇంట్లో ఎవరున్నారు?

మిగతా మూడింటికంటె ఇది పెద్ద ప్రశ్న. పసిపిల్లలు, ముసలివారు, ఉబ్బసం ఉన్నవారు, క్షయ తగ్గినా ఊపిరితిత్తుల్లో మచ్చ మిగిలినవారు, కాన్సరు మందులు వాడేవారు, మూత్రపిండం మార్పిడి జరిగినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవారు ఉన్న ఇంట్లో సగం తలుపు లెక్క చూడకండి. కొంచెమే ఉన్నా తొందరగా తీయించండి. వారి చేత మాత్రం తుడిపించకండి. తుడిచేటప్పుడు వారిని ఆ గదిలో ఉంచకండి.

ఇక తుడిచే పద్ధతి. తలుపు కిటికీలు తెరవండి. ఎన్-95 మాస్కు, రబ్బరు చేతితొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకోండి. ముక్కుకు కట్టిన చున్నీ, తువ్వాలు ఈ పనికి చాలవు. ముందు మచ్చను తడపండి, తరువాత సబ్బునీళ్ళతో రుద్దండి. తుడిచిన గుడ్డను సంచిలో కట్టి పారేయండి. తరువాత గోడను పూర్తిగా ఆరనివ్వండి. ఆరకముందు రంగు వేయకండి. బూజు మీద వేసిన రంగు పుండు మీద వేసిన అత్తరు వంటిది.

బ్లీచింగ్ పౌడర్ గురించి ఒక హెచ్చరిక. అది పై నలుపును తెల్లగా చేస్తుంది గాని, సున్నం గోడ లోపలికి దిగిన బూజును తీయదు. అందుకే ఇంట్లో మామూలుగా దాని అవసరం లేదు. ఒకవేళ వాడినా, పాయిఖానా కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఇంట్లో ఆ రెండు సీసాలనూ వేరు వేరు చోట్ల పెట్టండి.

ఇప్పుడు ఎవరిని పిలవాలి అన్నది. పెద్ద నగరాల్లో బూజు తీయడానికే ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. భట్టిప్రోలులో మన నిపుణులు వేరు. స్లాబు కారితే, గోడ అడుగున నెమ్ము ఎక్కితే తాపీ మేస్త్రీ. గొట్టం కారితే ప్లంబరు. స్విచ్ బోర్డు దగ్గర గోడ తడిగా ఉంటే, ముట్టుకుంటే జివ్వుమంటే, మిగతా అన్ని పనులూ ఆపి మెయిను కట్టి ఎలక్ట్రీషియను. వరద దిగిన ఇంట్లో కూడా మొదటి అడుగు అతనిదే. స్లాబు పెచ్చులూడి ఊచలు తుప్పుపట్టి కనిపిస్తే మేస్త్రీతో సరిపెట్టకుండా ఇంజనీరుకు చూపించాలి, ఎందుకంటే అక్కడ బూజు సంగతి పోయి ప్రాణం సంగతి వచ్చింది. తుడిచి ఆరబెట్టినా నెలలోపు అదే చోట మళ్ళీ వస్తే, అది మన చేతి పని కాదని గోడే చెబుతున్నది.

పిలిచినవారు తెలిసినవారో కాదో ఎలా తెలుస్తుంది? చాలా సులువు. వచ్చినతను "నీరు ఎక్కడ నుండి వస్తోందో చూద్దాం" అని మిద్దె ఎక్కితే పని అప్పగించండి. గోడ చూసీ చూడగానే రంగుల పుస్తకం విప్పితే టీ ఇచ్చి పంపించండి. చివరి విడత డబ్బు ఒక గట్టి వాన చూసి ఇస్తామని ముందే మాట్లాడుకోండి. మంచి మేస్త్రీ దీనికి ఒప్పుకుంటాడు.

డాక్టరును ఎప్పుడు కలవాలి? రెండు మూడు వారాలు దాటిన దగ్గుకు తప్పక. పిల్లికూతలు వినిపించినా, ఊపిరికి డొక్కలు ఎగరేసినా ఆ పూటే. ఇల్లు వదిలి ఊరు వెళ్ళినప్పుడు దగ్గు తగ్గి, తిరిగి వచ్చిన రాత్రే మొదలైతే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మనం చెప్పకపోతే ఆయనకు మన గోడ కనిపించదు.

నాకు తెలిసిన ఒక కుటుంబం వెనుక వాటా అద్దెకు ఉండేది. వారి పిల్లవాడు చదువులో చురుకైనవాడు, వానాకాలంలో మాత్రం వారానికి మూడు రోజులే వచ్చేవాడు. ఆ గోడకు మూడేళ్ళలో మూడుసార్లు రంగు వేశారు. నాలుగవసారి రంగు వేయబోయిన మనిషే అనుమానం వచ్చి గోడ చెక్కితే, లోపల నుండి వెళ్ళే స్నానాలగది గొట్టం కీలు దగ్గర చెమ్మగిల్లుతూ కనిపించింది. కీలు మార్చడానికి ఒక పూట పట్టింది. గోడ ఆరడానికి వేసవి అంతా పట్టింది. మందు దుకాణానికి ఆ మూడేళ్ళూ పోసిన డబ్బు ముందు ఆ గొట్టం ఖర్చు ఏపాటిది?

ఇది పేదరికానికి మాత్రమే సంబంధించిన కథ అనుకోకండి. సంపన్న దేశమైన ఇంగ్లండులో, రోచ్‌డేల్ పట్టణంలో, సూడాన్ నుండి వచ్చిన ఒక కుటుంబం అద్దె ఇంట్లో ఉండేది. ఇంటినిండా బూజు. 2017లోనే తండ్రి ఫిర్యాదు చేస్తే, మీద రంగు వేసుకోమన్నారు. 2020 డిసెంబరులో వారి బిడ్డ అవాబ్ ఇషాక్ రెండేళ్ళ వయసులో మరణించాడు. ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడం వలన వచ్చిన శ్వాస జబ్బే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ పసివాడి పేరు మీద 2023లో చట్టం చేశారు, అది 2025 అక్టోబరు 27 నుండి అమలులోకి వచ్చింది. అక్కడి ప్రభుత్వ తరహా అద్దె ఇళ్ళలో అత్యవసర ప్రమాదమైతే ఇంటి యాజమాన్యం 24 గంటల్లో సరిచేయాలి, తీవ్రమైన తడి, బూజు అయితే 10 పనిదినాల్లో విచారించాలి. "మీద రంగు వేసుకోండి" అన్న మాటకు ఒక బిడ్డ వెల చెల్లించిన తరువాత వచ్చిన చట్టం అది. మన ఊళ్ళో అద్దెకున్నవారు నోటిమాటతో ఆగకుండా, తేదీ వేసి, ఫోటో తీసి, ఇంటివారికి మర్యాదగా కాగితం వ్రాసి ఇవ్వండి. ఇల్లు అద్దెకిచ్చిన పెద్దలు ఆ కాగితాన్ని తగవుగా తీసుకోకండి. అది మీ ఇల్లు కూలకుండా కాపాడే కాగితం కూడా.

ఇంటి ఆడవారికి ఒక మనవి. పర్దా కోసం కిటికీలు మూసేసే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. కిటికీకి పరదా గుడ్డ వేయండి, కాని రెక్కలు తెరిచి ఉంచండి. కొత్తగా కట్టేవారు పైన జాలీ వెంటిలేటర్లు ఎదురెదురుగా పెట్టించండి, కన్ను పడదు, గాలి ఆడుతుంది. అలమరాను గోడకు నాలుగు వేళ్ళ దూరం జరపండి. రజాయిలు, సందూకులోని బట్టలు ఎండ కాసిన రోజు బయట వేయండి. కలరా ఉండలు పురుగును ఆపుతాయేమో గాని తడిని ఆపవు.

చివరిగా సంఘానికి నా ప్రతిపాదన. ఏటా మనం వైద్య సహాయం క్రింద పేద ఇళ్ళకు మందుల డబ్బు ఇస్తున్నాం. చాలా మంచి పని, అది ఆగకూడదు. కాని ఒకే ఇంటికి ఒకే పిల్లవాడి దగ్గు మందుకు మళ్ళీ మళ్ళీ డబ్బు ఇస్తున్నామంటే, ఒకసారి వెళ్ళి ఆ ఇంటి పైకప్పు చూడవలసిన బాధ్యత కూడా మనదే. సహాయం కోరే కాగితంలో "ఇల్లు కారుతున్నదా?" అనే ఒక ప్రశ్న చేర్చండి. మగదిక్కు లేని ఇళ్ళ స్లాబు పగుళ్ళకు వేసవిలోనే, మే నెల దాటకుండా, కొంత సొమ్ము కేటాయించండి. మన పిల్లల్లోనే తాపీ పని, ప్లంబింగు, కరెంటు పని నేర్చినవారున్నారు. ఏడాదికి ఒక్క ఆదివారం ఇవ్వమని వారిని అడుగుదాం. ఒక నిచ్చెన, పది మాస్కులు, నాలుగు జతల చేతితొడుగులు సంఘం గదిలో ఉంచుదాం, కావలసినవారు తీసుకెళ్ళి తిరిగి ఇస్తారు.

వచ్చే వానాకాలంలో నా హాజరు పట్టీలో "రాలేదు" అనే గుర్తులు కొన్నైనా తగ్గితే, ఈ ప్రసంగం విన్న మీ అందరికీ ఆ పుణ్యం చెందుతుంది.